వాగు కావలి - సేవయా? సంబరమా?

మన దేశమున నదులకు జరుగునంత పూజ మరి దేనికిని జరుగదు. 2015వ సంవత్సరమున గోదావరికిని, 2016వ సంవత్సరమున కృష్ణకును పుష్కరములు వచ్చినప్పుడు ఆబాలగోపాలము కదలివచ్చి మునుగుటయు, పసుపుకుంకుమలు సమర్పించుటయు, దీపములు విడుచుటయు మనమందరము చూచినవారమే. ఇంత భక్తి గల దేశమున నదీజలము స్ఫటికమువలె నుండవలసినది గదా! 2018వ సంవత్సరమున కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు లెక్కించి, దేశమందలి నదులలో 351 భాగములు మలినములైనవని ప్రకటించిరి. 2022వ సంవత్సరపు లెక్కలో నా సంఖ్య 311కు దిగినది. దిగినందుకు సంతసింపవలసినదే. కాని 311 చోట్ల తల్లీ యని మ్రొక్కుచునే యా తల్లి నోట మురుగు పోయుచున్న మనము సంతసించుటకు మిక్కిలి తొందరపడరాదు.

ఆ లెక్కకు గీటురా యేమి? నీటిలోని మురుగును కుళ్లించుటకు సూక్ష్మజీవులు హరించు ప్రాణవాయువు ఎంతయో కొలిచి, అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించినచో నా భాగము మలినమని యెంచిరి. స్నానమునకు తగిన నీటికి మండలివారు పెట్టిన నియమముకూడ నట్టిదే. ఆ వాయుహరణము 3 మిల్లీగ్రాములు మించరాదు, నీట కరగియున్న ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, నూరు మిల్లీలీటర్ల నీటిలో కోలిఫారము జాతి సూక్ష్మజీవులు 500లకు మించరాదు. మునిగి పుణ్యము సంపాదించు రేవులలో నెన్ని యీ మూడు పరీక్షలకును నిలుచునో చదువరులే యూహించుకొనవచ్చును.

అయినను మా మొర నదులనుగూర్చి కాదు, వాగులనుగూర్చి. నది యనగా నేమి? వేయి వాగుల కూడలి. నది మలినమైనదనుట చివరి మాట, మొదటి మాట వాగు చెప్పును. మండలివారి కొలతలు పెద్ద నదులమీదను, పెద్ద చెరువులమీదను, నియమించుకొన్న తావులలో, నెలకో మూడు నెలలకో యొకమారు జరుగును. ఊరి వెనుక పారు వాగునకు సాధారణముగా నా భాగ్యము పట్టదు. దానిని కొలుచువాడు లేడు, దాని కొక పుస్తకము లేదు. చేప తేలినప్పుడో, పశువు పడినప్పుడో, పిల్లల యొంటిమీద పుండ్లు లేచినప్పుడో యది యొకటి కలదని మనకు జ్ఞాపకము వచ్చును. చేతులు కాలిన తరువాత నాకులు పట్టుకొనుట యనగా నిదియే.

నక్కవాగు కథ చూడుడు. హైదరాబాదునకు పడమట పటాన్‌చెరు ప్రాంతమున మందుల కర్మాగారములు వెలసిన పిమ్మట, ఆ మురుగు ఇసుకవాగునను నక్కవాగునను పడి మంజీరలో కలియుచు వచ్చినది. ఒడ్డున సేద్యము చేసికొను రైతులు నీటి రంగునుగూర్చియు వాసననుగూర్చియు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి. 1990వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానమునకు వ్యాజ్యముకూడ చేరినది. కాని యచట సుమారు 90 కర్మాగారముల మురుగును శుద్ధిచేయు సామూహిక కేంద్రమునుండి వెలువడు నీటిలో, సిప్రోఫ్లాక్ససిన్ అను మందొక్కటియే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు నున్నదని 2007వ సంవత్సరమున నంకెతో లోకమునకు చెప్పినవా రెవరు? స్వీడను దేశమునుండి వచ్చిన శాస్త్రజ్ఞులు! కొన్ని సూక్ష్మజీవులను చంపుటకు చాలు పరిమాణమునకు నది వేయిరెట్లకు పైమాట. మన వాగు, మన పొలము, మన పశువు. లెక్క మాత్రము గోటెన్‌బర్గు పండితులది. వారికి మేము కృతజ్ఞులము. కాని యింటి రోగము పొరుగూరివాడు వచ్చి చెప్పువరకు ఇంటివారి చేత నాడి చూచు నేర్పు లేకపోవుట సిగ్గుపడవలసిన సంగతి కాదా?

ఈ సిగ్గు కొందరికి కలిగినది. ఇప్పుడు పట్టణములలోను, కళాశాలలలోను, కొన్ని పల్లెలలోను స్వచ్ఛంద సేవకులు చేరి వాగునీటిని పరీక్షింపవలయునని బయలుదేరుచున్నారు. ఆ యుద్దేశము నెదిరించుటకు మేము కలము పట్టలేదు. పైగా మేమును ఆ గుంపులోనివారమే. మా కలహము ఉద్దేశముతో కాదు, అది నడచు తీరుతో.

ఆ తీరెట్టిదో వర్ణించెదము. ఏటి కొక దినము నిర్ణయింతురు. ఆ దినమున గుడ్డ పతాకము కట్టుదురు. అందరును నొకే రంగు చొక్కా తొడుగుదురు. పెద్దలు ఉపన్యసింతురు. ఒక సీసాతో నీరు ముంచి, అందులో నేదో చుక్కలు వేసి, రంగు మారగా చప్పట్లు కొట్టుదురు. ఛాయాచిత్రము తీయింతురు. ఫలాహారము చేసి, ఆ విస్తళ్లను కాగితపు గిన్నెలను వాగు గట్టుననే వదలి, ఇండ్లకు పోవుదురు. పరీక్షపెట్టె బీరువా యెక్కును. అందులోని ద్రావకముల గడువు తీరును. మరుసటి యేడు మరియొక పెట్టె కొందురు. ఆరంభశూరత్వ మాంధ్రులకు బిరుదైనది గదా యని నవ్వి యూరకుండుటకు వీలులేదు. ఏలయన, ఇట్టి సంబరమువలన మంచి జరుగకపోవుటయే గాక కీడుకూడ జరుగుచున్నది. వాగునకు కావలి యున్నదన్న భ్రమ పుట్టినచో నిజమైన కావలి పెట్టవలయునన్న తలంపే యడగిపోవును.

మా మాట యెవరినో యెత్తిపొడుచుటకు కాదని తెలుపుటకై మా తప్పు మేమే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరములక్రిందట మేమొక వాగునకు, దాని పేరిచట నక్కరలేదు, నలువదిమంది యువకులను చేర్చితిమి. ఎనిమిది తావులు నిర్ణయించితిమి. ఏడాదిన్నర కాలము వారు నీరు తెచ్చి, కరగిన ప్రాణవాయువును కొలిచి, అంకెలు వ్రాసిరి. ఆ యంకెలు చూడగా వాగు కొన్ని దినములు చచ్చినట్లును, కొన్ని దినములు బ్రతికినట్లును తోచినది. మేము పొంగిపోయి, చచ్చిన దినములనన్నిటిని యేరి, పైభాగమున నున్న మురుగుకాలువయే కారణమని నిరూపించితిమని తలచి, పెద్ద విజ్ఞాపన వ్రాసి యధికారి కడకు పోయితిమి.

ఆయన మా కాగితములు శ్రద్ధగనే చదివెను. చదివి, "ఇవి యే వేళకు తీసిన నీళ్లండి?" అని యొక్క ప్రశ్న వేసెను. మావద్ద సమాధానము లేదు. తేదీ కలదు, గంట లేదు. మేము కోపముతో నింటికి వచ్చి, అధికారులందరు నిట్టివారే యని తిట్టుకొంటిమి. పిదప విచారింపగా, ఒక జట్టువారు తెల్లవారుజామున పోవుచుండిరనియు, మరియొక జట్టువారు కళాశాల విడిచిన పిమ్మట మూడుగంటలకు పోవుచుండిరనియు తెలిసినది. పాచి పట్టిన నీటిలో పగలు పాచి యెండను త్రాగి ప్రాణవాయువును విడుచును, రాత్రి యదియే దానిని పీల్చుకొనును. కావున నే గుంటయందు తెల్లవారుజామున ప్రాణవాయువు 2 మిల్లీగ్రాములుండునో, ఆ గుంటయందే మధ్యాహ్నము తిరిగినపిదప 9 ఉండవచ్చును. మేము కొలిచినది వాగు రోగమును కాదు, మా సేవకుల తీరికవేళలను! అధికారి ప్రశ్న న్యాయమైనది. తిట్టవలసినది మమ్ము.

అంతటితో పోలేదు. పుస్తకములు మరల తిరగవేయగా, ఒక తావున నాలుగు వారముల యంకెలు నొకే సిరాతో, నొకే పోకడ వ్రాతతో, నించుమించు నొకే విలువతో కనబడినవి. ఆ పిల్లవానిని పిలిపించి యడిగితిమి. వాడు తల వంచుకొని, "పరీక్షలు వచ్చినవండి, వెళ్లలేకపోయినాను. వెళ్లలేదని చెప్పుకొనుటకు మాకెవరున్నారండి? ఖాళీ పెట్టిన మీరు కోపపడుదురేమో యని నింపినాను" అని చెప్పెను. ఆ మాట మాకు నేటికిని ములుకువలె గ్రుచ్చుకొనుచున్నది. వాడు దొంగ కాడు. వానికి పని చెప్పినవారు కలరు గాని, వాని కష్టము వినువారు లేరు. అంకెలు కావలయునన్నవారు కలరు గాని, అంకె లేని దినమునకు గల గౌరవమును వానికి నేర్పినవారు లేరు. నలువదిమంది సేవకులుండిరి; వారిని కూర్చి నడపువాడొక్కడు లేకపోయెను. ఏడాదిన్నర శ్రమ వాగుపాలైనది.

కాబట్టి మేము సిద్ధాంతీకరించున దేమనగా: వాగును కాచుటకు మొదట కావలసినది పరీక్షపెట్టె కాదు, ఉత్సాహవంతుల గుంపు కాదు, పెద్దల యాశీర్వచనము కాదు. ఆ గుంపు నొక త్రాటిమీద నడపు సమన్వయకర్త. ఈ పదము వినగానే సభలో వేదికమీద కూర్చుండువాడని తలంపవలదు. వాడు చేయు పనులకు చప్పట్లు రావు. సేవకు డెవడు, ఏ తావునకు, ఏ వారమున, ఏ గంటకు పోవలయునో వాడు వ్రాసి యుంచును. ఒకడు జ్వరపడినచో పోదగిన రెండవవానిని ముందే సిద్ధపరచును. మురుగు కలియు తావునకు పైన నొకటి, క్రింద నొకటి, కొలుచు తావులు తప్పక యుండునట్లు చూచును. పైది లేనిచో క్రిందిదానికి సాక్ష్య మెక్కడిది? నీటి వేడిమి, గాలి వేడిమి, ముందుదినపు వాన, ముంచిన గంట, ముంచినవాని పేరు, సీసా సంఖ్య - ఇవన్నియు వ్రాసిన గాని యంకె నంగీకరింపడు.

పరీక్షకే పరీక్ష పెట్టుటయు వాని పనియే. ప్రాణవాయువును కొలుచుటకు 1888వ సంవత్సరమున వింక్లరు అను హంగేరీ రసాయనజ్ఞుడు కనిపెట్టిన పద్ధతి నేటికిని చెల్లుచున్నది. ఒడ్డుననే నీటికి మాంగనీసు లవణమును, క్షారముతో గూడిన యయొడైడును చేర్చినచో ప్రాణవాయువు కపిలవర్ణపు మడ్డిగా బంధింపబడును. పిదప నామ్లముతో దానిని కరగించి, గంజి కలిపి, థయోసల్ఫేటును చుక్కచుక్కగా విడువగా నీలిరంగు మాయమగు క్షణమున లెక్క తేలును. సులభమే. కాని సీసాలో నొక్క గాలిబుడగ నిలిచిన లెక్క తప్పును. థయోసల్ఫేటు పాతబడి బలము తగ్గిన లెక్క తప్పును. కావున పది సీసాలకొకటి చొప్పున నొకే నీటిని ఇద్దరిచేత వేరువేరుగ కొలిపించి యంకెలు సరిచూచుటయు, ద్రావకము బలమును మాటిమాటికి పరీక్షించుటయు, అయిన పిమ్మట నా విషద్రావకములను డబ్బాలో నింపి తిరిగి తెప్పించుటయు వాని విధి. వాగును రక్షింప వచ్చినవారే యా ద్రావకములను వాగున పారబోసి చేతులు కడుగుకొనుట మేము కన్నులార చూచితిమి!

ఇంతకంటె ముఖ్యమైన విధి యొకటి కలదు. సేవకు డిచ్చిన యంకె యేమైనదో సేవకునికి తిరిగి చెప్పుట. నెలకొక మారు గ్రామమున నరుగుమీద కూర్చుండి, ఈ నెల వాగు ఇట్లున్నది, పోయిన నెల కంటె ఇంత మారినది, దీనినిగూర్చి యిన్నవ తేదీని ఇట్టివారికి వ్రాసితిమి, వారిట్లు బదులు చెప్పిరి, లేక బదులు చెప్పలేదు, అని తెలియ తెలుగున చదివి వినిపింపవలయును. జీతము లేనివానికి జీతమదియే. తన శ్రమ యొక బీరువాలోనికి పోయి తిరిగి రాకున్నచో నెంతటి త్యాగియైనను మూడు నెలలకు విసుగును. అట్లు విసిగినవానిని మనము సోమరి యనుచున్నాము. సోమరులము మనమే.

ఇక మా మీదికి వచ్చు నాక్షేపణల నొక్కొక్కదానినే విచారింతము. పండితు లొకరు, "జలపరీక్ష శాస్త్రము, చదువుకొనని వారి యంకెలను నమ్ముట యెట్లు?" అందురు. ఇంగ్లండులో నెట్లు నమ్ముచున్నారో చూడుడు. అచట గాలము వేయువారు, ఇరుగుపొరుగువారు చేరి, నెలకొకమారు ఏటిలో దిగి మూడు నిమిషములు కాలితో నడుగును కదిపి వలపట్టి, రాళ్లక్రింద బ్రతుకు పురుగులలో నెనిమిది వర్గములను మాత్రము లెక్కింతురు. మురుగునకు తాళలేని పురుగు లుండుటయే నీటి యారోగ్యమునకు సాక్ష్యము. లెక్క ఇంతకు దిగినచో తెలుపుడని ప్రతి తావునకు నధికారులే యొక మితిని నిర్ణయించియుందురు. 2013వ సంవత్సరము జులై మాసమున కెన్నెటు నదిలో నట్లు లెక్కింప దిగిన స్వచ్ఛంద సేవకులకు పురుగులు చచ్చి కనబడినవి. వారు వెంటనే తెలిపిరి. క్లోర్‌పైరిఫాస్ అను పురుగులమందు మురుగుద్వారా నదిలో పడి, సుమారు 15 కిలోమీటర్ల పొడవున నిట్టి జీవములను రూపుమాపినదని విచారణలో తేలినది. ఆ సేవకులు రసాయన పండితులు కారు. కాని పోయిన నెల యెన్ని యుండెనో, అంతకు ముందటి నెల యెన్ని యుండెనో వారి పుస్తకమున నుండెను. ఒక్కనాటి ఛాయాచిత్రము చెప్పలేని మాటను ఆ నెలల వరుస చెప్పినది.

పరదేశపు మాట యేల, మన దేశమున చెల్లునా యందురేమో! మన రాయలసీమలోను, ప్రకాశములోను, నల్లగొండ, మహబూబునగరములలోను, మొత్తము 7 జిల్లాలలో 600కు పైగా పల్లెలయందు, 2003వ సంవత్సరము మొదలు కొన్నియేండ్లు రైతులే తమ బావుల నీటిమట్టమును పదునైదు దినముల కొకమారు కొలిచి, వానమాపకముల లెక్క వ్రాసి, ఊరి గోడలమీది పలకలపై నందరికి తెలియునట్లు ప్రకటించిరి. ఆ లెక్కను బట్టి యే పైరునకు ఎంత నీరు చాలునో కూడి యాలోచించుకొనిరి. వారిలో స్త్రీలును నుండిరి, అంతగా చదువురానివారును నుండిరి. కొలుచుట నేర్పువారు, తప్పులు దిద్దువారు, లెక్కలు కూర్చువారు నెలనెలకు వచ్చుచుండుటచేత నది సాగినది. బావిలోనికి త్రాడు విడిచి కొలువగలవాడు వాగులో సీసా ముంచి కొలువలేడా? లోపము చేతిలో లేదు, ఏర్పాటులో కలదు.

రెండవ యాక్షేపణ మరింత బలమైనది. "ఇది ప్రభుత్వము చేయవలసిన పని. మనము పన్నులు చెల్లించుచున్నాము. మనమే కొలుచుచు పోయినచో ప్రభుత్వము హాయిగా నిద్రించును" అని కొందరు మిత్రు లందురు. ఈ భయము వట్టిది కాదు. కాని నిద్రించువానిని లేపుటకు కూడ నొక శబ్దము కావలయును. 1974వ సంవత్సరపు జలకాలుష్య నివారణ చట్టము 21వ విభాగము ప్రకారము, మండలి యధికారి తాఖీదు ఇచ్చి, నీటిని రెండు పాళ్లుగా విభజించి, ముద్రవేసి తీసిన నమూనాయే న్యాయస్థానమున సాక్ష్యమునకు వచ్చును. సేవకుని సీసా సాక్ష్యము కానేరదు. సరియే. మేము న్యాయాధిపతులము కాము, కావలివారము. కుక్క మొరిగినంతమాత్రమున దొంగకు శిక్ష పడదు. కాని కుక్క మొరుగనిచో యజమాని లేవడు. 1988వ సంవత్సరపు సవరణచేత, అరువది దినముల ముందు తెలియజేసి సామాన్యుడును ఫిర్యాదు చేయుటకు ఆ చట్టమందే దారి యేర్పడినది. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ముప్పది దినములలో బదులు పొందు హక్కు నిచ్చినది. ఈ దారులయందు నడచుటకు చేత నొక దీపము కావలయును. తేదీతో, గంటతో, తావుతో, రెండు చేతుల సరిచూచిన లెక్కతో గూడిన పుస్తకమే యా దీపము. మంచి పుస్తక మున్నప్పుడు అధికారికి తప్పించుకొన వీలుండదు. చెడ్డ పుస్తక మున్నప్పుడు వానికి మనమే తలుపు తెరచిన వారమగుదుము, మేము తెరచినట్లు.

మూడవ మాట యెవరును బయటకు చెప్పరు గాని యందరి మనస్సున కలదు. సేవకులెవరు? మనము పిలుచునది చదువుకొన్న యువకులను. వాగులో ప్రతి దినము మోకాలిలోతున నిలుచువారిని పిలుచుట లేదు. బట్టలుదుకు చాకలి స్త్రీలకు, వల వేయువారికి, గేదెలను కడుగు పాలేరునకు, ఊరి పల్లపుకొనను వాడకట్టి మన మురుగంతయు తమ గుమ్మము ముందుగా పారుచుండ చూచు దళితులకు, వాగు రంగు మారిన దినము మనకంటె ముందు తెలియును. మా పద్దెనిమిది నెలల లెక్కలు నీళ్లపాలైన పిమ్మట నా గట్టున నొక వృద్ధ చాకలి స్త్రీ మాతో, "శనివారం రాత్రిళ్లు వదిలేస్తారు బాబూ. ఆదివారం తెల్లారి బట్టకు సబ్బు నురగ రాదు, చేతులు మండుతాయి" అని చెప్పినది. మా నలువదిమంది యువకులలో నొక్కడును ఆదివారమునాడు నీరు ముంచలేదు. అది వారికి సెలవు! ఆమె నడిగియుండినచో మా తావులును మారియుండును, మా దినములును మారియుండును. అడుగుటకు మనకు తోచలేదు. ఏలయన ఆమె వాగును మైలపరచునది యని మనకు తరతరములుగ నేర్పినారు. నిజముగ మైలపరచిన వాడు గట్టునకు దూరముగ, గోడల నడుమ, తెల్లబట్టలు కట్టి కూర్చుండియున్నాడు. ఆ తెల్లబట్ట లుదికినదియు నామెయే.

మన యాచారమునకు శుచి యనగా ఎవరు తాకిరి యన్నదే గాని ఏమి కలిసినది యన్నది కాదు. దళితుడు ముట్టిన బావినీరు పనికిరాదని తరిమినవారము, పట్టణపు మురుగు కలిసిన రేవులో మూడు మునుకలు మునుగుచున్నాము. సూక్ష్మజీవి కులము నడుగదు. 1982వ సంవత్సరమున గ్వాలియరులోని మన శాస్త్రజ్ఞులే యొక చిన్నసీసా పరీక్షను కనిపెట్టిరి. అందు నీరు పోసి వెచ్చని తావున నుంచగా, మలసంబంధమగు సూక్ష్మజీవు లున్నచో నీరు నల్లబడును. ఆ సీసాలో పుణ్యతీర్థమైనను నల్లబడును, పేటనీరైనను మలినము లేనిచో తెల్లగనే యుండును. సంఘసంస్కరణమునుగూర్చి నూరు ఉపన్యాసములు చేయలేని పని నీ నల్లని సీసా యొక్కటి చేయగలదు. ఊరి నడుమ నరుగుమీద పెట్టి అందరికి చూపు ధైర్యము మనకున్నచో.

2019వ సంవత్సరమున నారంభమైన జలజీవన పథకమున ప్రతి గ్రామమునందును అయిదుగురికి, ముఖ్యముగ స్త్రీలకు, త్రాగునీటి పరీక్ష నేర్పవలయునని నియమించిరి. ఇది మంచి విత్తనము. కుళాయినీటిని కొలుచుట నేర్చిన చేతులకు వాగునీటిని కొలుచుట భారము కాదు. కాని యిచట నొక న్యాయము విచారింపవలసియున్నది. కూలికి పోయిన గాని పొయ్యి రాజని స్త్రీని పిలిచి, పూటకూలి పోగొట్టించి, దానికి "సేవ" యని పేరు పెట్టుట సేవ కాదు, వెట్టి. ఉద్యోగికి తీరికవేళ యుండును. అతడు ఉచితముగ చేయుగాక. కూలిదానికి పోయిన పూటకు వెల యీయవలయును. అట్లే, దినమంతయు నీ పనికే వెచ్చించు సమన్వయకర్తకు జీతమీయవలయును. పతాకములకును, చొక్కాలకును, ఫలాహారములకును చందాలు వచ్చుచున్నవి. ఒక మనుష్యుని జీతమునకు మాత్రము రావట! జీతము పుచ్చుకొన్నచో త్యాగము మాసిపోవునట! త్యాగము మాసిన మానె, లెక్క మాయకుండ నుండిన చాలును.

తిలాపాపము తలాపిడికెడు అన్నట్లు, వాగు చెడుట కందరమును కారకులమే. అందరును శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమైన వన్న సామెత మన వాగుల విషయమున నక్షరాల నిజము. కర్మాగారమువాడు పురపాలకసంఘమును చూపును. పురపాలకసంఘము పల్లెను చూపును. పల్లె పై యూరిని చూపును. ఈ చూపుడువ్రేళ్లన్నిటిని దింపగలది తావుతావునకు వ్రాసిన లెక్క యొక్కటియే. పై తావున బాగుండి క్రింది తావున చెడినచో నడుమ నున్నవాడు బదులు చెప్పితీరవలయును. అందుకే లెక్కకు భయపడువారు సంబరమునకు చందా లిత్తురు. సంబరమువలన వారికి భయము లేదు.

కావున చదువరులకు మా విన్నపము. మీ యూరి వాగునకు నలువదిమంది నక్కరలేదు, నలుగురు చాలుదురు. అందొకరైనను వాగు గట్టున బ్రతుకువారు కావలయును. ఇరువది తావులు వలదు, రెండు చాలును: మురుగునకు పైన నొకటి, క్రింద నొకటి. దిన మేదైనను గంట మాత్రము మారరాదు. వరదలో దిగవలదు, ఒంటరిగ పోవలదు. పోలేని దినమున "పోలేదు" అని వ్రాయుడు; ఆ ఖాళీకి సిగ్గుపడకుడు, నింపిన యబద్ధమునకు సిగ్గుపడుడు. ఆ నలుగురి బాగోగులు విని, వారి పుస్తకమును ప్రతి నెలయు తడవి చూచి, ఊరికి చదివి వినిపించు నొక్క మనుష్యుని ముందు వెదకుడు, వాని కన్నము పెట్టు దారి చూడుడు. పరీక్షపెట్టెను పిదప కొనవచ్చును. అట్లు మూడేండ్లు నడచినచో మీ చేత నొక పుస్తక ముండును.

మేమును మరల మొదలుపెట్టితిమి. ఈసారి అయిదుగురము. ఆనాడు నాలుగు వారముల యంకెలు కల్పించిన పిల్లవాడే నేడు పుస్తకము తడవి చూచువాడు. తప్పు పట్టుటలో వానికి మించినవాడు మాకు దొరకలేదు. ఆదివారపు వంతు ఆ వృద్ధ స్త్రీ మనుమరాలిది. ఆమెకు పూటకూలి చెల్లించుచున్నాము. పోయిన మాసపు పుటలో రెండు ఖాళీలున్నవి. ఆ రెండు ఖాళీలను చూచియే తక్కిన యంకెలను మేము నమ్ముచున్నాము.